క్వారీ అడుగున గోడ కొట్టినందుకు

మూడోసారి కూడా ఫెయిల్ అనేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

మార్కాపురం దాటితే పాత పలకల క్వారీలు వరసగా కనబడతాయి. వాటిలో ఒకటి గట్టు దాకా నీళ్లతో నిండి ఉంటుంది. నేవీలో డైవర్‌గా చేసి రిటైరైన శ్యాంసన్ సార్ అందులోనే స్కూబా, అంటే గాలి సిలిండర్‌తో నీళ్ల అడుగుకు దిగడం, నేర్పిస్తాడు. తాగే నీళ్లకు ట్యాంకర్ కోసం కొట్టుకునే ఊళ్లో ఈ మునకలు ఏందని మా వీధంతా నవ్వింది. నవ్వనీ. సోమవారం వైజాగ్‌లో నాకు ఇంటర్వ్యూ ఉంది. నీళ్లలో మునిగిపోయినవాళ్లను వెతికే టీమ్‌లో ఉద్యోగం. మొదటి స్థాయి డైవర్ కార్డు లేకపోతే గేటు కూడా దాటనివ్వరు. ఈ రోజు శనివారం. ఒకే ఒక్క పరీక్ష నాకు అడ్డం పడి ఉంది.

గాలి పంచుకోవడం. అడుగుకు పోయాక జోడీగా దిగినవాడు గొంతు మీద అడ్డంగా చెయ్యి ఆడిస్తాడు, గాలి అయిపోయిందని. మన సిలిండర్‌కే ఇంకో మౌత్‌పీస్ ఉంటుంది, పసుపు రంగుది. అది వాడి నోటికి ఇవ్వాలి. వాడు నెమ్మదించే దాకా ఆగాలి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిదానంగా పైకి రావాలి. అంతే. నాకు చేతకానిది ఆ నిదానమే.

"ఏందమ్మా ప్రసన్నా, మళ్లీ ఉరికినావు," అన్నాడు శ్యాంసన్ సార్. "వాడు ఊపిరి పీల్చుకునే దాకా ఆగమని చెప్పినానా లేదా?"

"నేను ఆగినాను సార్. నరేషే లేటు చేసినాడు. మీరు సగం నుంచి చూసి తీర్పు చెప్తే ఎట్ల?"

"కాలేజీ డిబేట్లలో కప్పులు కొట్టినావంట గదా. నీళ్లకు వాదన వినపడదు తల్లీ."

నరేష్ కిసుక్కుమన్నాడు. కనిగిరి పిల్లాడు, నా జోడీ. వాడికీ ఈ పరీక్షే మిగిలింది. "గాలి అయిపోయేది నాకు, ఓపిక అయిపోయేది అక్కకు సార్."

"నువ్వు నోరు మూసుకోని మాస్కు బిగించుకో," అన్నాను. "ఒక్కసారన్నా దాంట్లో నీళ్లు పోకుండా దిగినావా?"

"సరే, సరే," అన్నాడు సార్. "ఇదే ఆఖరు. ఈసారి కూడా కాకపోతే వచ్చే నెల రండి."

వచ్చే నెలకు ఆ ఉద్యోగం ఇంకొకరిది.

దిగాం. పైన రాళ్ల మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కే ఎండ. తల మునిగిన కాసేపటికే చలి. ముందు పచ్చటి వెలుగు, తర్వాత బూడిద రంగు, ఆ తర్వాత చీకటి. పలకలు కోసిన గోడలు పొరలు పొరలుగా పక్కనే కిందికి దిగిపోతున్నాయి. నోట్లో రబ్బరు వాసన. చెవుల్లో నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం లేదు. సార్ మాకు కొంచెం పైన ఆగి, టార్చి కిందికి పట్టుకున్నాడు.

అడుగు తగలగానే నరేష్ కాలి రబ్బరు రెక్కతో ఒక్క తన్ను తన్నాడు. దద్దమ్మ! ఏళ్ల తరబడి పేరుకున్న పలక పొడి అంతా ఒక్కసారిగా లేచింది. వాడు కనబడలేదు. నా చెయ్యే నాకు కనబడలేదు. పైన టార్చి వెలుగు మసక చుక్కలా మిగిలింది.

జోడీ తప్పిపోతే కాసేపు వెతికి పైకి వచ్చేయాలని నియమం. వచ్చేస్తే నాలుగో ఫెయిల్. ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. వాడికి వినబడేలా చప్పుడు చేద్దామని నడుముకున్న ఇనుప కొక్కెం తీశాను. సిలిండర్ మీద తట్టమని నేర్పించారు. నా చెయ్యి మాత్రం గోడ మీదికి పోయింది.

మా ఇంట్లో ఎవరిని పిలవాలన్నా చెయ్యి గోడ మీదికే పోతుంది. మా అవ్వ వెంకటసుబ్బులమ్మ ఈ క్వారీలోనే పనిచేసింది. సాయంత్రం రాళ్లు పేల్చే ముందు మేస్త్రీ సుత్తితో గోడ మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. 'అందరూ రండి' అని దానర్థం. లోపలున్నవాళ్లు తిరిగి కొట్టి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పైకి రావాలి. గోడ కొట్టందే ఎవరూ పని వదిలి కదలకూడదు. ఊట పగిలి నీళ్లు పడిన రోజు లోపల జనం ఉండగానే మేస్త్రీ గోడ కొట్టకుండా పారిపోయాడట. అవ్వకు ఆ రోజు జ్వరం, పనికి పోలేదు. ఈ కథ ఎప్పుడు చెప్పినా అక్కడికొచ్చి ఆగిపోయేది.

మూడు దెబ్బలు కొట్టాను.

ఎదురుగా... మూడు దెబ్బలు.

హమ్మయ్య, నరేష్ అనుకున్నాను. అంతలో నా వెనక నుంచి మూడు. ఎడమ పక్క నుంచి మూడు. గోడలకు తగిలి తిరిగొస్తున్న చప్పుడే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వాదనలో నన్ను నేను ఓడించుకోవడం కూడా నాకు బాగా వచ్చు.

ఆ మసకలోంచి ఒక చెయ్యి వచ్చింది. గొంతు మీద అడ్డంగా కదిలింది.

పసుపు మౌత్‌పీస్ అందించాను. లాక్కున్నట్టుగా తీసుకుంది. ఈసారి ఆగాను. ఎంతసేపైనా ఆగుతా, చూసుకో సార్, అనుకుంటూ ఆగాను. పక్కన గాలి లోపలికి పోతున్న చప్పుడు... పొడుగ్గా... ఇంకా పొడుగ్గా.

బుడగలు రాలేదు.

ఆ ఊపిరి లోపలికే పోతోంది. బయటికి రావడం లేదు.

మణికట్టు పట్టుకున్నాను. నా గ్లవ్ కింద గాజులు కదిలాయి.

వదలాలనుకున్నాను. అది వదల్లేదు. కాళ్లు ఆడించాను. ఉరుకుదామన్నా ఉరకలేకపోయాను... బరువు. ఒక్క మనిషి బరువు కాదు. ఆ చెయ్యి పట్టుకుని ఇంకొకరు, వాళ్లను పట్టుకుని ఇంకొకరు వేలాడుతున్నట్టు. కిందికి చూడలేదు. సార్ టార్చినే చూస్తూ... నిదానంగా... నిదానంగా...

తల నీళ్ల పైకి వచ్చేసరికి నా చెయ్యి ఖాళీ.

నరేష్ మెట్ల మీద కూర్చుని మాస్కులో నీళ్లు వంపుతున్నాడు.

నా వెనకే సార్ తేలాడు. "శభాష్! అదీ పద్ధతి! నీడలే కనబడినా చూస్తూనే ఉన్నా. జోడీని ఒక్క క్షణం కూడా వదల్లేదు. ఏరా నరేషూ, అప్పుడే గట్టెక్కినావా? ఇద్దరూ పాస్, పోండి!" కేక వేసుకుంటూ కార్డుల సంగతి ఫోన్‌లో చెప్పడానికి జీపు దగ్గరికి పోయాడు.

నరేష్ నా పక్కకు జరిగాడు. పెదాలు తెల్లబడ్డాయి.

"అక్కా... నేను పొడి లేవంగానే పైకి వచ్చేసినా. మాస్కు నిండిపోయింది. సార్ ఎవర్ని చూసినాడు?"

"నోరు ముయ్యి."

"అక్కా, నీతో వచ్చింది ఎవరు?"

"నీకు కార్డు కావాల్నా, వద్దా?"

వాడు తల దించుకున్నాడు. ఎంత పెద్ద స్టేజీ మీదైనా నోరు మూసుకోని దాన్ని, నేనూ మూసుకున్నాను. జీపు దగ్గర సార్ నా పేరు అక్షరం అక్షరం చెప్తున్నాడు. ఒక్క మాట అంటే చాలు, ఆ పేరు ఆగిపోతుంది. అనలేదు. సిలిండర్ విప్పి బండ మీద పెట్టి, పక్కకు పోయి కూర్చున్నాను.

అప్పుడు చూశాను. నీటి అంచు నుంచి దారి వైపు, పొడి మట్టి మీద తడి అడుగులు. ఒకరివి కావు. పెద్దవి, చిన్నవి, ఒకదాని మీద ఒకటి. వేళ్లు కూడా స్పష్టంగా కనబడుతున్నాయి. మేం ముగ్గురం బూట్లతోనే ఉన్నాం.

ఆ ఎండకు చూస్తుండగానే ఒక్కొక్కటీ ఆరిపోతూ వచ్చాయి. ఒక జత మాత్రం దారి వైపు పోలేదు. నా సిలిండర్ పక్కకు వచ్చి, నా వైపు తిరిగి ఆగింది.

అది ఆరలేదు.