తెరుచుకోని నాలుగో టికెట్

ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

కరెంటు పోయింది. రాత్రింబవళ్లు దడదడలాడే ఉధ్నా పేట మరమగ్గాలన్నీ ఒక్కపెట్టున మూగబోయాయి. ఆకాశం కాటుకలా నల్లబడింది. దూరాన ఉరుము... అది ఆగకముందే గోడ అవతలి కార్ఖానా రేకుల మీద గుడ్లగూబ కూసింది. పట్టపగలు గుడ్లగూబ!

 సారక్క చూపు మంచం మీదికి మళ్లింది.

మంచం మీద కూతురు సంధ్యారాణి. నలభై రోజుల కిందటి వరకు స్కూటీ మీద ఆఫీసుకు వెళ్లివచ్చిన ఇరవై నాలుగేళ్ల పిల్ల! పాదాల్లో మొదలైన చావు చల్లదనం మోకాళ్లు దాటి, నడుము దాటి, ఇప్పుడు రొమ్ము కింది దాకా పాకింది. ఏ డాక్టరు రిపోర్టులోనూ ఏ దోషమూ లేదు.

ఉన్నట్టుండి సంధ్య కనుగుడ్లు పైకి తేలిపోయాయి. పెదవులు విడివడ్డాయి. వచ్చింది మాత్రం... మగగొంతు!

"ఇంకో రెండు గడియలు... గుండె కాడికొస్త! ఈ ప్రాణం నా పుర్రెకు నైవేద్యం! హ్హ హ్హ హ్హా...!"

సారక్క చెవులు మూసుకుంది. ఆ వికటాట్టహాసం ఎవరిదో ఆ ఇంట్లో ఆమె ఒక్కతెకే తెలుసు!

మరుక్షణం సంధ్య మళ్లీ సంధ్య అయింది. లాప్‌టాప్‌ను దగ్గరికి లాక్కుంది.

"అమ్మా, నవ్వకు గానీ... మన కష్టాలకు గూడ టికెట్లు రాసిన. ఆఫీసుల రాసినట్టే."

ఆమె ఉద్యోగమే అది. సాఫ్ట్‌వేర్‌లో కనబడిన ప్రతి తప్పునూ ఒక టికెట్‌గా రాయాలి. ఒక ప్రాజెక్టులోని తప్పు వేరే ప్రాజెక్టులోని పనిని ఆపుతుంటే ఆ రెండింటినీ లింకు చేసి, మూలం ఎక్కడుందో పట్టాలి.

తెర మీద మూడు ప్రాజెక్టులు వెలుగుతున్నాయి. ఇల్లు... కార్ఖానా... ఆఫీసు.

"ఇంట్ల నా కాళ్లు పడిపోయినయ్. కార్ఖానాల నీ మగ్గం మీద ఊకె పోగులు తెగుతున్నయ్. ఆఫీసుల నా పుణె బదిలీ ఆగింది. దేనికదే అనుకున్నం గదా? తారీఖులు జూడమ్మా. మూడూ ఒకటే మంగళారం, ఒకటే పగటేళ!"

సారక్క తెర మీంచి చూపు తిప్పుకుంది.

"మూడిట్ని లింకు చేస్తే, మూడిట్ని ఆపేది ఇంకోటున్నదని తేలింది. నాలుగో టికెట్. అది నేను రాయలే, నాకు తెర్సుకుంటలే. ఎవరికో తెల్సు... చెప్తలేరు."

"గివన్నీ ఇప్పుడెందుకు బిడ్డా... జర పండుకో."

ఏం చెబుతుంది? కన్నతల్లి నోటితో ఎలా చెబుతుంది?

పుణె అన్న మాట విన్ననాడే ఆమెకు కంటి మీద కునుకు కరువైంది. కొత్త ఊరు, ఒంటరి పిల్ల, ముఖం తెలియని ఆటోవాడు, హాస్టలు గదిలో ఫ్యాను... అన్నీ చెడ్డవే కళ్లముందు ఆడాయి. ఎవరికీ చెప్పకుండా, పక్కపేట భేస్తాన్‌లో మూతపడ్డ కార్ఖానాలో ఉండే క్షుద్రమాంత్రికుడు పరుశురాం దగ్గరికి వెళ్లింది. అతడు పుర్రె మీద ఆమె చెయ్యి పెట్టించి పలికించాడు: "నా బిడ్డ అడుగు గడప దాటొద్దు!"

సంధ్య దువ్వెనలోని వెంట్రుకలను పాయలుగా తీసి, ఒక పాయను తన మణికట్టుకు కట్టుకుని, తక్కినవి ఆమెకిచ్చాడు. ఒకటి గడప సందులో పెట్టింది. ఒకటి లాప్‌టాప్ సంచిలో దాచింది. ఇక మూడోది... ఇరవై ఏళ్లుగా పాత పడుగు కొసలకు కొత్త పోగులు అతికిన చేత్తోనే, తన మగ్గం పోగుల్లో ముడివేసింది! బిడ్డ ఇంటిపట్టున ఉంటే చాలనుకుంది. కాళ్లే పోతాయని కలలోనైనా అనుకుందా? పాపిష్టిది! పాపిష్టిది!

నిన్న భయమేసి గడప సందులోది తీసి పారేసింది. అంతే! తెగిన పోగు బరువు పక్కపోగుల మీద పడినట్టు, మోకాళ్ల దగ్గరున్న చల్లదనం ఒక్క దూకున నడుమెక్కింది.

"నిన్న గడప కాడ ఏం తీసినవమ్మా? గప్పట్నుంచే ఎక్కువైంది." సంధ్య గొంతు పీలగా ఉంది. "లింకున్నదాన్ని ఒక్కదాన్నే మూస్తే కాదు, మూలాన్ని మూయాలె. ఇంకోటి... లింకు ఒక దిక్కే పడదు. ఈడ కడితే ఆడ గూడ కనవడ్తది. మనల్ని పట్టుకున్నోడు మనకు గూడ దొర్కినట్టే!"

సారక్క దిగ్గున లేచింది. తన ఫోన్ నుంచి కూతురి ఫోన్‌కు కలిపి, దాన్ని ఆ పిల్ల చెవి దగ్గర పెట్టింది.

"పెట్టెయ్యకు బిడ్డా. నేను ఏం చెప్పినా ఇను."

జడివానలో ఆటో భేస్తాన్ వైపు దూసుకుపోయింది.

తుప్పుపట్టిన మగ్గాల నడుమ హోమగుండం భగభగ మండుతోంది! ఎదురుగా కుంకుమ పూసిన కపాలం! రక్తనేత్రాలతో పరుశురాం వికృతంగా నవ్వాడు.

"వచ్చినవా సారక్కా? బిడ్డ ఇల్లు దాటొద్దంటివి. ఇగ కాడు దాక గూడ నడిచి పోదు, మోస్కపోవుడే!"

"నా మాట నేను వాపస్ తీస్కుంట!"

"ఎవలి మీద కట్టించినవో ఆళ్లు ఇనంగ ఒప్పుకోవాలె. బిడ్డ మొఖం మీద ఏ తల్లి ఒప్పుకుంటది? గందుకే నా కట్టు ఇయ్యాల్టి దాక తెగలే!"

సారక్క ఫోన్ స్పీకర్ పెట్టింది. నిప్పులా కాలుతున్న కపాలం మీద అరచెయ్యి ఆనించింది. చర్మం చిటచిటలాడింది...

"సంధ్యా! ఆ నాలుగోది నేనే బిడ్డా! నీ కాళ్లు నేనే కట్టించిన! పుణె పోతవని భయమై... నేనే! నా మాట వాపస్! నా బిడ్డ ఏడికన్న పోనీ!"

 చెయ్యి కాలుతున్నా తీయకుండా కళ్లు పైకెత్తింది.

"మార్కండేయా! యముని పాశం తప్పించుకున్న మా కులదైవమా! ఈ పాశం గూడ తిప్పికొట్టు తండ్రీ!"

ఫెళఫెళమని పిడుగు! ఫోన్లోంచి ఒక్కసారిగా దడదడ... దడదడ... కరెంటు వచ్చింది! ఉధ్నాలో మగ్గాలన్నీ తిరుగుతున్నాయి, సారక్క పాయ ముడివేసిన మగ్గం కూడా! పరుశురాం మణికట్టు మీది వెంట్రుక పాయ ఇనుపతీగలా బిగుసుకుంది. పడుగును చుట్టే మగ్గపు బీమేదో కంటికి కనబడకుండా దాన్ని చుట్టుకుంటున్నట్టు అతణ్ని గుండం వైపు ఈడ్చింది!

"తెంపు! సారక్కా, తెంపు! నీ కాల్మొక్త...!"

"నా ముడి జారదు," అంది సారక్క.

ఆర్తనాదం ఆకాశాన్నంటింది! తాను రగిల్చిన గుండంలో తానే కూలాడు మాంత్రికుడు. కపాలం ఫటేలున పగిలింది. మిగిలింది... పిడికెడు బూడిద!

ఫోన్లో సన్నని ఏడుపు. "అమ్మా... కాళ్లు మండుతున్నయ్... కదుల్తున్నయ్!"

పన్నెండో రోజు. ఆగిన పుణె బదిలీ ఖాయమైంది; సంధ్య సూట్‌కేసు గడప దగ్గర ఉంది. కుర్చీలో కూర్చుని, ఇప్పుడు తెరుచుకున్న నాలుగో టికెట్‌ను నింపుతోంది.

"కారణం కాడ ఎవరి పేరు రాయాలె?"

"నాదే రాయి."

రాసింది. లింకు చేసింది. నాలుగింటినీ మూసేసింది.

"ఇగ చెరిపెయ్ బిడ్డా," అంది సారక్క, కట్టు కట్టిన చేతిని కొంగులో దాచుకుంటూ.

"ఈడ చెరుపుడు ఉండదమ్మా. మూసుడే. ఏది తెరిసినా నాలుగోది పక్కన కనవడ్తనే ఉంటది."

కోపంగా అనలేదు. ఆఫీసు పని చెప్పినట్టే చెప్పింది. సారక్కకు అదే గుచ్చుకుంది.

సంధ్య లేచి నిలబడింది. సారక్క చూపు ఆ పాదాల మీదే ఉంది. కుడికాలు గడప మీద ఒక్క క్షణం ఆగింది...

దాటింది.