పేరు రాయించని అక్క

నాకో సుగుణం ఉంది. బత్తంబాంగ్ స్మారక స్తూపంలో పుర్రెలు పేర్చిన అద్దాల అరల ముందు నిలబడి, పద్దెనిమిదేళ్లుగా యాత్రికులకు మా అక్క కథ చెబుతున్నా ఒక్కసారీ కంటతడి పెట్టలేదు. పెట్టించాను. ఉల్లిపాయ నా ముందు దిగదుడుపే.

కథ చిన్నది. గింజ దాచినా చంపేసే నల్లబట్టలవాళ్ల రాజ్యంలో, పదకొండేళ్ల అక్క నాకోసం గుప్పెడు బియ్యం మెడగుడ్డ కొసన ముడేసి దాచింది. ఎవరో చెప్పేశారు. స్తూపం పక్కనున్న ఈ గోతి దగ్గరికి తీసుకొచ్చారు. అంతే.

చెప్పింది నేనేననీ, అందుకు శిబిరం వంటవాడు నాకు అన్నం మాడుచెక్క పెట్టాడనీ కథలో ఉండదు.

మా పితృపక్షంలో తెల్లవారకముందే గుడి చుట్టూ పిండాలు విసురుతాం. భిక్షువు చిట్టాలో పేర్లు చదువుతాడు. పేరు పిలిస్తేనే ప్రేతం వచ్చి తింటుంది. లేకపోతే ఆకలితో తిరుగుతుంది. అమ్మానాన్నల పేర్లు ఏటా రాయిస్తాను. అక్కది రాయించను. వస్తుందని భయం.

"లోకాన్నంతా ఏడిపించే ఘనుడా, అక్కకో ముద్ద వెయ్యడానికి చెయ్యి రాదా?" అంటుంది నా భార్య ఫల్లీ.

ఈ ఏడు, ముందురోజే నా కథ విన్న మతిల్ద్ అనే ఫ్రెంచి అమ్మాయి ఈ తంతు చూస్తానంటే వెంట తీసుకెళ్లాను. వాన వెలిసింది. బురద వాసన, సాంబ్రాణి వాసన. నాన్న పేరు చదివారు. పిండం విసిరాను. అమ్మ పేరు. విసిరాను. ఆ తర్వాత...

"సొఖోమ్."

అక్క పేరు.

కుక్కల అరుపులు ఆగిపోయాయి... కప్పలవి కూడా. చివరి పిండం పట్టుకున్న చెయ్యి పైకి లేవలేదు. బురదలో చిన్న అడుగులు. ఒకటి... ఇంకొకటి... నా వెనక ఆగాయి. పచ్చిబియ్యం నములుతున్న చప్పుడు. చెవి దగ్గర చల్లగా...

"తమ్ముడూ... తిన్నావా?"

పరుగెత్తాను. యాభై ఐదేళ్లవాణ్ని, చెప్పులొదిలేసి, ముసలమ్మల్ని నెట్టుకుంటూ. గేటు దగ్గర మతిల్ద్ కనిపించింది.

"ఆ పేరు నువ్వు రాయించావా?"

"అవునన్నా. పాపం, చిట్టాలో మీ అక్క లేదన్నారు. కోపమొచ్చిందా?"

"నీకెవరు చెప్పారు? నేనా పేరు ఎవరికీ చెప్పను!"

"నిన్న గోతి దగ్గర మీ చొక్కా పట్టుకుని నిలబడిందే, ఆ పాప. మీ మనవరాలనుకున్నా. మీ అక్క పేరేమిటని అడిగితే చెప్పింది." మతిల్ద్ నా వెనక్కి చూసి నవ్వింది. "అబ్బ, ఇంకా వదల్లేదే!"

నేను వెనక్కి చూడలేదు. పిండం ఇంకా నా గుప్పిట్లోనే ఉంది.

ఇది జరిగి నెలయింది. ఏ చొక్కా తొడుక్కున్నా, కొత్తదైనా సరే, సాయంత్రానికి వెనక అంచు సాగిపోతోంది. స్తూపం దగ్గర కథ పాతదే చెబుతున్నాను. జనం బాగానే ఏడుస్తున్నారు. అక్క అడిగినదానికి ఏమని జవాబు చెప్పాలో మాత్రం నేనింకా నేర్చుకోలేదు.