నీళ్లు పోస్తే ఏడ్చే నేల

వఖ్ష్ కాలువ గట్టు పైనున్న ఆ ఖాళీ జాగాకి నలభై ఏళ్లుగా చెడ్డపేరు. కాలువకి నీళ్లొదిలిన రోజుల్లో, చీకటి పడ్డాక, నేల లోపల్నుంచి ఆడమనిషి ఏడుపు వినిపిస్తుందట. గట్టిగా కాదు — దిండులో మొహం దాచుకుని ఏడ్చినట్టు...

మొదట అక్కడో ఇల్లుండేది. కొత్తకోడలు వచ్చిన ఏడాదికే నిలువునా చీలిపోయింది. తర్వాత పిండిమర కట్టారు. ఓ రాత్రి దాని గోడ మోకాళ్లమీద కూలబడ్డట్టు కూర్చుండిపోయింది. ఆ పైన బడి కట్టబోతే పునాదిలోనే పగుళ్లు. ఇక గొర్రెల్ని కూడా అటు తోలడం మానేశారు.

అలాంటి చోట ప్రసూతి ఆస్పత్రి కడతామన్నారు. నేల పరీక్షకి రాజధాని దుషాన్బే నుంచి ఇంజనీరు మునవ్వర వచ్చింది. ముల్లాతో దువా చదివించాం, పొట్టేల్ని కోశాం, మామూలు పునాదికి సంతకం పెట్టి వచ్చెయ్యమని పై అధికారి ఫోన్‌లో ఒకటే పోరు. ఆవిడ వినలేదు. ఆ కప్పు కింద బాలింతలు పడుకోవాలి. ఈ నేల తడిస్తే ఏమవుతుందో కళ్లారా చూడందే కలం పట్టనంది.

ఇల్లంత గొయ్యి తవ్వించింది. చుట్టూ గీతలు పెట్టిన ఇనుప కడ్డీలు పాతించింది. కాలువ నుంచి గొట్టం వేసి నీళ్లొదిలింది. ఇక రాత్రీ పగలూ, రెండు గంటలకోసారి, ఏ కడ్డీ ఎంత దిగిందో చూసి రాసుకోవాలి. పొద్దుగూకితే కూలీలు ఒక్కరూ నిలిచేవారు కాదు. మిగిలింది కాపలాదారు హైత్ బోబో — ఊరందరికీ తాత — ఒక్కడే. డెబ్భై దాటిన మనిషి. మర కట్టినప్పుడూ ఆయనే కాపలా, బడి కట్టబోయినప్పుడూ ఆయనే.

మూడు రాత్రులు ఏమీ లేదు. నీళ్లు ఇంకుతున్నాయి, కడ్డీలు కదలట్లేదు.

నాలుగో రాత్రి...

కాపలా గుడిసెలో మునవ్వర టీ పోసుకుంటోంది. బయట ఎవరో — ఊపిరి ఎగబీల్చారు. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ... ఈసారి సన్నగా, సాగదీసి.

ముసలాయన టీ గిన్నె కింద పెట్టేశాడు.

"వెళ్లకమ్మాయ్," అన్నాడు గొంతు తగ్గించి. "కాసేపు ఏడ్చి ఊరుకుంటుంది."

మునవ్వర టార్చి పట్టుకుని లేచింది. కడ్డీ చూడాల్సిన వేళ అయింది మరి.

గోతిలో నీళ్లమీద బుడగలు... ఉడుకుతున్నట్టు. గట్టు చుట్టూ సాయంత్రం లేని పగులు. వేలు దూరేంత. చూస్తుండగానే అరచెయ్యి పట్టేంత. మొదటి కడ్డీ జానెడు దిగింది. రెండోది ఇంకా కిందికి. ఏడుపు ఇప్పుడు సరిగ్గా ఆమె కాళ్ల కిందే —

నేల జారింది.

మోకాలిదాకా దిగబడింది. టార్చి నీళ్లలో పడి ఆరిపోయింది. చేతికి దొరికిన మట్టంతా పిండిలా విడిపోతోంది. అప్పుడు వెనక నుంచి ఓ చెయ్యి ఆమె జబ్బ పట్టి లాగింది.

"జుమగుల్! నా చెయ్యి వదలకు, జుమగుల్!"

బయటపడ్డాక ఇద్దరూ చాలాసేపు రొప్పుతూ కూర్చున్నారు. గట్టు ముక్క మొత్తం గోతిలోకి వెళ్లిపోయింది.

"జుమగుల్ ఎవరు, బోబో?"

ముసలాయన చెప్పుకొచ్చాడు. ఆ చీలిపోయిన ఇల్లు ఆయనదే. ఆ కొత్తకోడలు ఆయన భార్య. ఆమె కాలుపెట్టాకే గోడలు చీలాయని తల్లి అంది, ఊరంతా అంది, చివరికి తనూ అన్నాడు. ఓ చలికాలం సాయంత్రం గడప బయటికి గెంటాడు. ఆమె కాలువ వైపు వెళ్లింది. పుట్టింటికి చేరలేదు. ఎక్కడా చేరలేదు.

మునవ్వర గుడిసెలోకి వెళ్లి ఓ పొడి మట్టిగడ్డ తెచ్చింది. ఆయన అరచేతిలో పెట్టి నొక్కమంది. రాయిలా ఉంది. దానిమీద చల్లారిన టీ పోసింది. గడ్డ మెత్తబడి, కుంగి, ఆయన వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

"ఇక్కడ పదిహేను మీటర్ల లోతుదాకా ఇదే మట్టి. ఎండి ఉన్నంతకాలం కోటైనా మోస్తుంది, తడిస్తే చతికిలబడుతుంది. లోపలి గాలి పగుళ్లలోంచి తన్నుకొస్తుంది — ఏడుపు అదే. పెళ్లైన ఏడాది ఇంట్లో ఏమైనా కొత్తగా కట్టారా?"

"జుమగుల్ కోసం స్నానాలగది కట్టాం."

"నీళ్లు ఎటు పోయేవి?"

ముసలాయన తడి అరచెయ్యి వంక చూశాడు.

"ఇంటి కిందికి," అన్నాడు.

తెల్లవారేలోగా మునవ్వర కాగితం రాసేసింది. మామూలు పునాది కుదరదు, అడుగున గులకరాళ్ల పొర తగిలేదాకా స్తంభాలు దింపాల్సిందే, లేదంటే వేరే జాగా చూడండి అని. గొట్టం మూసింది. బుడగలు తగ్గాయి. ఆ ఏడుపు కూడా సన్నబడి, తెగి, ఆగిపోయింది.

ముసలాయన గోతికి కాస్త ఎడంగా గొంతుక్కూర్చుని ఉన్నాడు. చెవి నేలవైపు పెట్టి.

"నలభై ఏళ్లు... ఇది వినడానికే ఇక్కడ కాపలా ఉన్నానమ్మాయ్. వట్టి గాలేనంటావా?"

మునవ్వర వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

ఆయన గొట్టం వైపు చూశాడు.

"ఇంకొంచెం నీళ్లు వదులు, తల్లీ."