తలుపులేని కోట

దర్జీ కొట్లో ఆ మధ్యాహ్నం ఒక్క మిషనే నడుస్తోంది. రెండో మిషను వదినది. దాని సూది కింద సగం కుట్టిన చొక్కా అలాగే ఉంది. ఇస్త్రీపెట్టె వేడికి తడిగుడ్డ వాసన కొట్టంతా కమ్ముకుంది. అన్నయ్య తలెత్తకుండా, కుట్టిన కుట్టు మీదే మళ్ళీ కుడుతున్నాడు.

"మేస్త్రీ ఫోన్ చేశాడు" అన్నాడు తమ్ముడితో. "మీ వదినని ఎత్తుకెళ్ళింది వాడేనట. తన దీవిలో ఉంచాడట. నిన్నొక్కడినే రమ్మన్నాడు."

తమ్ముడు లోపలికెళ్ళి వేషం వేసుకొచ్చాడు. ఊరందరికీ అతను గోడమనిషి. ఎంతటి గోడైనా సరే, ఇవతల దూరి అవతల తేలగలడు. తగలబడుతున్న మేడల్లోంచి ఎందరినో చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. పిల్లలు అతని బొమ్మలున్న సంచులు తగిలించుకుని బడికెళ్తారు. వదిన మాత్రం అతన్ని 'బల్లీ' అని పిలుస్తుంది. తల్లి పోయాక పెంచి పెద్దచేసింది ఆవిడే. ఆ వేషం కుట్టిందీ, చెవిలోని రేడియోలో ఏ గోడ వెనక ఏముందో దారి చెప్పేదీ ఆవిడే.

ఆవిడకి నచ్చనిదల్లా ఒక్కటే, వీపు మీద వేలాడే ఎర్ర గుడ్డ. "గోడల్లో తిరిగేవాడికి ఈ దుప్పటెందుకురా? ఎప్పుడో చిక్కుకుని చస్తావు" అని తిట్టేది. అది లేకపోతే హీరోలా ఉండనని ఇతను మొండికేశాడు. చివరికి తిట్టుకుంటూనే కుట్టిచ్చింది, గాలికి ఎగిరిపోతోందని అతను గోల చేస్తే మెడ దగ్గర రెండు చేతులతో విప్పితే తప్ప ఊడని ముడి కూడా పెట్టింది.

అన్నయ్య గడప దాకా వచ్చాడు.

"తీసుకొస్తా అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. "వదిన లేకుండా ఈ గడప తొక్కను."

సముద్రం మీద పొగమంచు దట్టంగా పట్టింది. ఇంజను చప్పుడు వినిపిస్తుందని గోడమనిషి ఇద్దరు పట్టే తెడ్ల పడవ తీసుకున్నాడు. చాలాసేపటికి ఎదురుగా కోట లేచింది. బూడిదరంగు గోడ, నీళ్ళలోంచి నిటారుగా పైకి. కిటికీ లేదు, తలుపూ లేదు. మేస్త్రీ ఒకప్పుడు నగరంలో సగం మేడలు కట్టినవాడు. తర్వాత వాటినే కూలుస్తానని బెదిరించి బతకడం మొదలుపెట్టాడు. దాక్కోవడానికి ఈ కోట కట్టుకున్నాడు. దాన్ని కట్టడానికెళ్ళిన కూలీలు మళ్ళీ ఇళ్ళకి రాలేదు. దీవిలోనే ఇంకా పనుందని వాళ్ళ ఇంటివాళ్ళకి కబురు మాత్రం వచ్చింది.

పడవని రాయికి కట్టాడు. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి గోడలోకి నడిచాడు. గోడల్లో ఎప్పుడూ ఉండే వాసనలే, తడి సిమెంటు, ఇనుము. వాటితోపాటు చెమట వాసన కూడా వేసింది. అది తనదేననుకున్నాడు.

లోపల కాపలావాడనేవాడే లేడు. కొట్లాటకి సిద్ధపడి వచ్చినవాడికి అదే ఎక్కువ భయం వేసింది. పెద్ద ముంగిలి. నాలుగు గోడలకీ సమానదూరంలో, సరిగ్గా నడిమధ్యన ఒక మంచం. మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని మేస్త్రీ కూర్చున్నాడు. గడ్డం మాసింది, కళ్ళు లోతుకు పోయాయి. పక్కనే కుర్చీలో వదిన. కట్లు కూడా లేవు.

"ఏం చేశాడు వదినా నిన్ను?"

"ఏమీ చెయ్యలేదురా" అంది వదిన. "పడుకోనివ్వలేదంతే. నాతో మాట్లాడుతూనే ఉండు అంటాడు."

"మెల్లగా" అన్నాడు మేస్త్రీ. "వింటారు."

"ఎవరు?"

మేస్త్రీ గోడ వైపు చూశాడు. టక్... టక్... రాతి లోపల్నుంచి ఎవరో తాపీతో తడుతున్నారు. ఒకచోట ఆగితే ఇంకోచోట.

"వాన ముంచుకొస్తోంది, కాంక్రీటు పొయ్యడం ఆపొద్దన్నాను" అన్నాడు గుసగుసగా. "లోపల మనుషులున్నారు సార్ అన్నారు. అయినా ఆపొద్దన్నాను. మావాళ్ళంతా ఈ చప్పుడు వినలేక నిచ్చెనతో సహా పారిపోయారు. నాకు నిద్రలేదు... వాళ్ళకి దారి కావాలి. గోడలో దారి తెలిసినవాడివి నువ్వొక్కడివే."

గోడమనిషికి ఒళ్ళు మండిపోయింది. అక్కడే పీక నొక్కేయాలనిపించింది. కానీ వదిన అతని మోచెయ్యి పట్టుకుంది.

"వాడి పాపం వాడే అనుభవిస్తాడు. నన్ను ఇంటికి తీసుకెళ్ళరా బల్లీ. అన్నయ్య ఈపాటికి కొట్లో ఉన్న గుడ్డలన్నీ పాడుచేసుంటాడు."

ఇద్దరూ గోడ ముందుకి వచ్చారు.

"కళ్ళు మూసుకో. ఊపిరి బిగబట్టు. ఏమైనా సరే నా చెయ్యి వదలకు."

"నువ్వు వదలకుంటే చాలు" అంది.

గోడ చల్లగా మీదికి మూసుకుంది. ఒక అడుగు. ఇంకో అడుగు. వదిన వేళ్ళు అతని వేళ్ళలో గట్టిగా ఉన్నాయి. టక్ టక్ మనే చప్పుడు ఇప్పుడు చెవి పక్కనే ఉంది. తర్వాత రెండు చెవుల పక్కనా...

మెడ దగ్గర ఏదో బిగిసింది.

ఎర్ర గుడ్డ. చిక్కుకుందనుకున్నాడు. ముందుకి తోశాడు. కదల్లేదు. మళ్ళీ తోశాడు. అప్పుడు అది వెనక్కి గుంజింది... మెల్లగా... పిడికిలి మార్చి పిడికిలితో గుంజుతున్నట్టు.

ఊపిరి అయిపోతోంది. ఒక చేత్తో ముడి లాగాడు. ఊడలేదు. గుండెలు పగిలిపోతున్నాయి. ఇక ఆగలేక రెండో చెయ్యి కూడా ముడి మీదికి తెచ్చాడు.

రెప్పపాటు. అంతే.

గుడ్డ ఊడి పోయింది. చెయ్యి వెనక్కి చాచాడు. ఏమీ లేదు. ఇటు తడిమాడు... లేదు. అటు... వేళ్ళు తగిలాయి. ఒడిసి పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగాడు.

బయటపడ్డారు. ముందు వెలుతురు, ఉప్పుగాలి, తర్వాత పక్కనే వదిన. అతనికి ఏడుపొచ్చేసింది. పట్టుకుని పడవలో కూర్చోబెట్టాడు. ఆవిడ తలంతా తెల్లగా ఉంటే సిమెంటు దుమ్మనుకుని చేత్తో దులిపాడు. అది దుమ్ము కాదు, జుట్టే.

"వదినా..."

"మధ్యలో చెయ్యి వదిలేశావేరా" అంది. గొంతులో కోపం లేదు. అదే అతనికి భరించరానిదైపోయింది.

"ఒక్క క్షణమే వదినా! నా తప్పే. ఆ వెధవ గుడ్డ..."

"నీకు క్షణమే." ఆవిడ మంచులోకి చూస్తోంది. "మొదట్లో నిన్ను పిలిచాను. చాలా పిలిచాను. తర్వాత మానేశాను. పాపం, వాళ్ళు నన్ను బాగానే చూసుకున్నారు. ఒక్కొక్కళ్ళూ వాళ్ళ ఇల్లెక్కడో చెప్పేవాళ్ళు. నేనూ మన ఇల్లెక్కడో చెప్పాను."

 గోడమనిషి తాడు విప్పి తెడ్లు అందుకున్నాడు. కోటలో చప్పుడు ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో అతను గమనించలేదు. ఇంటికి చేరిస్తే చాలు, అన్నయ్య ముందు కూర్చోబెడితే చాలు, మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు అనుకుంటూ బలంగా తెడ్డు వేశాడు.

పడవ ముందుకి సాగలేదు. ఇంకా గట్టిగా వేశాడు. వచ్చేటప్పుడు ఆకులా తేలిన పడవ ఇప్పుడు నీళ్ళలోకి దిగిపోయి ఉంది. వంగి చూశాడు. అంచుకీ నీళ్ళకీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

వదిన కాళ్ళు దగ్గరికి లాక్కుంది. పక్కకి ఒదిగింది. ఖాళీగా ఉన్న మంచులోకి చెయ్యి అందించి, ముసలివాళ్ళని బండెక్కించేటప్పుడు అన్నట్టుగా "మెల్లగా... మెల్లగా" అంది.

పడవ ఇంకాస్త కిందికి దిగింది.

ఆవిడ మళ్ళీ చెయ్యి చాచింది. పడవ మళ్ళీ దిగింది. నీళ్ళు అంచు మీదికి వచ్చి అతని పాదాలు తడిపాయి.

"కాస్త ముందుకి జరగరా బల్లీ" అంది వదిన. "ఇంకా ఉన్నారు."