బరువే, అయితే ఏంటి?

"కదులు దద్దమ్మా! నిన్నే! తేలిక, అంతా తేలిక! ఎక్కు!"

మూడో అంతస్తులో తెరిచి ఉన్న లిఫ్టు తలుపులోంచి ఒక తల బయటికొచ్చింది. నుదుటి మీద గ్రీజు మరక, పళ్ల మధ్య స్క్రూడ్రైవరు. స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుని ఆ తల ఎంతో మర్యాదగా అడిగింది.

"ఏమండీ, పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా తాగకుండా పని చేస్తున్నాను. దద్దమ్మ అంటారేంటండీ?"

మెట్లెక్కుతున్న ఆమె భుజం మీద ముప్పై కిలోల ఇసుక బస్తా ఉంది. ఊపిరి అందడం లేదు గానీ కోపం మాత్రం బాగానే అందింది.

"మిమ్మల్ని కాదు. నన్ను నేను తిట్టుకుంటున్నా. మీకేమైనా అభ్యంతరమా?"

"నాకేం లేదండీ. కాకపోతే నిన్నట్నుంచీ ఆ తిట్లన్నీ నేనే తింటున్నాను."

ఆమె నవ్వు ఆపుకుని ముందుకు నడిచింది. నాలుగో అంతస్తు చేరేసరికి మోకాళ్లు మొండికేశాయి. బస్తా దించేసింది.

ఎప్పుడూ అక్కడే. నిరుడు అగ్నిమాపక శాఖ ఎంపిక పరీక్షలోనూ అక్కడే దించింది. ముప్పై కిలోల బస్తాతో ఆరంతస్తులు, రెండున్నర నిమిషాలు. మధ్యలో బస్తా నేలకు తగిలితే ఇంటికి వెళ్లిపోవాల్సిందే. వయసు లెక్క ప్రకారం ఈ ఏడే ఆఖరి అవకాశం.

"కొరియర్ ఆఫీసులో పార్సిళ్లు తూచుకుంటూ నీడపట్టున ఉండక, నిప్పులో దూకుతానంటావేంటి చిట్టీ?" అన్నాడు ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య. "నాలుగో అంతస్తులోనే నీ సంగతి తేలిపోయిందిగా!"

"తేలింది నిరుటి సంగతి" అందామె. వదిన మాత్రం ఆమె కంచంలో ఇంకో గుడ్డు వేసింది.

మర్నాడు మెట్ల కిటికీ మీద వాన దరువేస్తోంది. లిఫ్టు మెకానిక్ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

"ఒక మాట చెబితే కొట్టరుగా?"

"భుజం మీద బస్తా ఉంది. ఆలోచించుకుని చెప్పండి."

"తేలిక, తేలిక అంటున్నారు. తేలిగ్గా ఉందా?"

"ప్రాణం పోతోంది."

"మరి ఆ సంగతి కాళ్లకి తెలీదా అండీ? పొద్దున్నే వాటికి అబద్ధం చెప్పి, పైగా దద్దమ్మంటే ఎందుకు వింటాయి? నన్ను చూడండి. కింద అంత లోతు పెట్టుకుని లోపల వేలాడుతూ, 'భయం లేదు' అనుకున్నాననుకోండి, చేతులు ఇంకా వణుకుతాయి. 'భయమే. సరే, ముందీ నట్టు బిగించు' అంటాను. బిగిస్తాయి."

ఆమె పైకి కదిలింది. కానీ ఆ మాట రోజంతా పార్సిళ్ల మధ్య ఆమె వెంటే తిరిగింది.

మర్నాడు మొదటి మెట్టు మీద బస్తా సర్దుకుని, తనతో తాను కొత్తగా పరిచయం చేసుకుంటున్నట్టు మెల్లగా అంది: "బరువే. అయితే ఏంటి? ఈ మెట్టెక్కు." ఎక్కింది. "నొప్పే. అయితే ఏంటి? ఇంకోటి." ఆ రోజు అయిదో అంతస్తు దాకా వెళ్లింది. వారం తిరిగేసరికి ఆరూ ఎక్కింది, మూడు నిమిషాల్లో. గడియారం పట్టుకుని పైన నిలబడేది మెకానికే. లిఫ్టు పని ఎందుకింత ఆలస్యమవుతోందని అపార్టుమెంటంతా గొణుక్కుంటోంది.

పరీక్ష ఇంకా అయిదు రోజులుందనగా రెండు నిమిషాల ఇరవై అయిదు సెకన్లలో ఎక్కేసింది. ఇద్దరూ మెట్ల మీద గంతులేశారు. అతని చూపు ఆమె భుజం మీది కమిలిన మచ్చ దగ్గర ఆగి, చటుక్కున పక్కకు తప్పుకుంది.

సాయంత్రం బస్తాను మెట్ల కింద మూలకు జరపబోతూ ఆమె ఆగిపోయింది. ఏ పార్సిలైనా ఎత్తగానే బరువు చెప్పే చేతులవి. పొద్దున ఆత్రంలో పట్టించుకోలేదు గానీ, ఇప్పుడు పట్టేశాయి.

"ఇరవై అయిదు" అంది, మెకానిక్ ఎదుటికి వెళ్లి. "అయిదు కిలోలు ఎక్కడ?"

అతను తల వంచుకున్నాడు. "భుజం అలా కమిలిపోతుంటే చూడలేక..."

"చూడలేకపోతే కళ్లు మూసుకోండి! కాళ్లకి అబద్ధం చెప్పొద్దన్న పెద్దమనిషి మీరేగా? నా మీద జాలి పడేవాళ్లు ఇంట్లో ఉన్నారు. బయటినుంచి తెచ్చుకోవాలా?"

"తప్పయిపోయిందండీ."

"తీసింది వెయ్యండి. పైన ఇంకో రెండు కిలోలు కూడా."

"ముప్పై రెండా?"

"వినపడలేదా?"

అతను ఇసుక పోశాడు. మిగిలిన రోజులూ ఆమె ముప్పై రెండుతోనే ఎక్కింది. అతను పళ్ల బిగువున చూస్తూ, సెకన్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే చెప్పాడు. ఒక్కటీ తగ్గించలేదు. ఆమెకు అదే నచ్చింది. ఎంత నచ్చిందంటే, మెట్లెక్కనప్పుడు కూడా ఊపిరి అందనంత.

పరీక్ష రోజు కంచె అవతల అన్నయ్య నిలబడ్డాడు. దారిలో పనుండి ఆగానన్నాడు. దూరంగా మెకానిక్.

నాలుగో అంతస్తు రానే వచ్చింది. తొడలు మండిపోతున్నాయి. ముందున్న కుర్రాడు బస్తా దించి గోడకు చేరబడ్డాడు. 'నువ్వూ దించెయ్' అంది లోపల పాత గొంతు.

'నువ్వింకా ఉన్నావా?' అందామె దానితో. 'సరే, ఉండు. నేను పైకి వెళుతున్నా. బరువే. నొప్పే. అయితే ఏంటి?'

రెండు నిమిషాల ఇరవై ఏడు సెకన్లు.

కిందికొచ్చేసరికి అన్నయ్య కళ్లు తుడుచుకుంటూ, దుమ్ము పడిందంటున్నాడు. ఆమె అతన్ని దాటుకుని నేరుగా మెకానిక్ దగ్గరికి నడిచింది. వెనకే అన్నయ్యా వచ్చాడు.

"చిట్టీ, ఎవరీయన?"

"నేను పెళ్లి చేసుకోబోయే మనిషి."

మెకానిక్ నోరు తెరుచుకుపోయింది. అన్నయ్య గొంతు పెంచాడు. "నాకొక్క మాటైనా చెప్పాలనిపించలేదా?"

"నువ్వే నయం అన్నయ్యా" అంది ఆమె రొప్పుతూనే. "ఈయనకీ ఇప్పుడే తెలిసింది."