చీరల షాపులో పిలుపు

ఒంగోలులో ఆ మూడంతస్తుల చీరల షాపు మూతపడ్డ ఏడాదికల్లా దానికి పేరొచ్చేసింది — దెయ్యాల కొంప అని. చీకటి పడితే లోపల్నుంచి "రండమ్మా... రండి..." అని పిలుస్తుందట. షాపు నడిచే రోజుల్లోనూ అలాగే పిలిచి జేబులు ఖాళీ చేసి పంపేవాళ్లు. అప్పుడు భయపడ్డవాడు లేడు. ఉత్తినే పిలిచేసరికి మాత్రం ఊరంతా హడలు!

రెండువేల మూడు నాటి మాట. మాబూబీ నోట విన్నదే చెబుతున్నా.

షాపుతోపాటు వీధీ పోయింది. టీ బండి ఇమ్మానియేలు బస్టాండుకి మారాడు. పూల బసవమ్మ గుడి దగ్గరికి పోయింది. ఎదురు కొట్టులో చీరలకి ఫాల్స్ కుట్టే మాబూబీ ఒక్కతే మిగిలింది. చీరే లేనప్పుడు ఫాల్ దేనికి కుడుతుంది? మిషను అమ్మేసి కొత్తపట్నంలో చెల్లెలి పంచన చేరదామనుకుంది.

ఓ సాయంత్రం కరెంటు పోయింది. మాబూబీ కొట్టు కట్టేసి షాపు ముందుకొచ్చింది. షట్టరు కింద సన్నటి వెలుగు...

"రండమ్మా... పట్టుచీరలు మేడ మీద..."

మాబూబీ వెనక్కి తిరిగింది. పరిగెత్తాలి — కానీ కడుపు మండింది.

"ఏయ్! నీ మూలంగా నా బతుకు బజారున పడింది. ఎవరు నువ్వు?"

లోపల ఏదో దబ్బున పడింది. తర్వాత వణికే గుసగుస...

"అరవకమ్మా... నేను. యలమందని."

యలమంద ఆ షాపులో పాత సేల్స్‌మన్. మూసేటప్పుడు ఓనరు దయతలిచి వాచ్‌మన్‌ని చేశాడు.

"మరి ఈ పిలుపులేంటన్నా?"

"ఒక్కణ్ణే కదమ్మా... నోరాడుతుంటే కాస్త ధైర్యం. ఇక్కడ దెయ్యం ఉందంటున్నారుగా!"

మాబూబీకి నవ్వాలో కొట్టాలో తెలియలేదు. "ఆ గొంతేదో బయటికొచ్చి వాడన్నా," అంది.

మర్నాడే షాపు మెట్ల మీద జాకెట్ ముక్కలు పరిచింది. యలమంద పిలిచాడు. పట్టపగలు పిలిస్తే జనం ఆగారు. పొదిలి బస్సు దిగినవాళ్లూ ఆగారు. ఇమ్మానియేలు బండి తిరిగొచ్చింది, వెనకే బసవమ్మ బుట్ట. ఏడాది తిరక్కుండా వీధి నిండా బేరాలే.

నలుగురూ నవ్వుతుంటే ఓర్వలేనివాడు ఒకడుంటాడుగా — గుంటూరు నుంచి ఒకాయన కారులో దిగాడు. బిల్డింగు కొని పెద్ద మాల్ పెడతాడట. మెట్ల మీద ఈ చెత్త ఉండకూడదట.

"ఇక్కడేదో దెయ్యమంటున్నారు, నిజమేనా?"

"అబ్బే, పుకార్లండి," అంది మాబూబీ. "చీకటిదాకా ఉండి మీరే చూడండి."

కాబోయే షాపు కదా, ఆయన మెట్ల దగ్గర చెప్పులు విడిచి భక్తిగా లోపలికెళ్లాడు.

చీకటి పడింది. మూతపడ్డ బిల్డింగుకి కరెంటెక్కడిది? మాబూబీ వెనక మెట్లెక్కి పై అంతస్తుకి చేరింది. పిలుద్దామని నోరు తెరిచింది...

"రండి బాబూ..."

ఆ గొంతు ఆమెది కాదు. పక్కనుంచే వచ్చింది. చెయ్యి చాపితే — మంచులాంటి చెయ్యి తగిలింది!

మాబూబీ కెవ్వుమంది. ఆ చెయ్యీ కెవ్వుమంది. మూలనుంచి ఇంకెవరో, తలుపు దగ్గర మరెవరో... మేడంతా కేకలే.

అగ్గిపుల్ల వెలిగింది. పక్కన బసవమ్మ, తడిపూలు ముట్టిన చేత్తో. మూల అగ్గిపెట్టె పట్టుకుని ఇమ్మానియేలు. తలుపు దగ్గర యలమంద — కళ్లు మూసుకుని ఇంకా అరుస్తూనే ఉన్నాడు. ఎవరికి వాళ్లే, ఇంకొకరికి చెప్పకుండా, దెయ్యమవుదామని వచ్చారు.

కిందికి దిగేసరికి కారు లేదు. చెప్పులు మాత్రం ఉన్నాయి.

యలమంద ఒకటెత్తి తిప్పి చూశాడు. "మంచి తోలమ్మా... ఎవరి సైజు?"