బొంత పేజీ చూసేవాళ్ళు

కప్పులో కాఫీ చల్లారిపోతున్నా చిన్నమ్మాయికి పట్టలేదు. పొద్దున లేస్తూనే ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడం ఆమెకు అలవాటు. వాళ్ళ ఆన్‌లైన్ దుకాణంలోకి ఎందరొచ్చారు, ఏ పేజీ చూశారు, ఎంతసేపున్నారు, అన్నీ అందులో కనిపిస్తాయి. ఇప్పుడు ఒక్కరే ఉన్నారు. ఎప్పట్లాగే బొంత పేజీలో ఉన్నారు.

అది అక్క పేజీ. పసిపిల్లలకు బొంతలు కుట్టి అమ్ముదామని ఈ దుకాణం మొదలుపెట్టిందే అక్క. బొంత ఎలా మడత పెట్టాలో చూపిస్తూ తనే వీడియో తీసి, ఏమీ కత్తిరించకుండా అందులో పెట్టింది. పెట్టిన నెలకే గుండె ఆగి చనిపోయింది. మనిషి పోయినా ఆ పేజీకి రాకపోకలు ఆగలేదు. అక్కే వచ్చి తన దుకాణం చూసుకుంటోందేమోనని చిన్నమ్మాయికి ఒక్కోసారి అనిపిస్తుంది. అంత చదువు చదివి ఇదేం పిచ్చే అని తనను తానే తిట్టుకుంటుంది. వీడియో మాత్రం ఇంతవరకు ఒక్కసారీ చూడలేదు. అంకెలు చూడ్డానికైతే గుండె ధైర్యం అక్కర్లేదు కదా!

"బావా, ఈ రోజు తేల్చేద్దాం. దిండు గలీబులు ఆపేసి కుట్టేవాళ్ళందరిచేతా బొంతలే కుట్టిద్దాం" అంది.

అక్క పోయినా ఆ ఇంట్లోనే ఉండిపోయి పార్సిళ్ళు కడుతున్న బావ, టేపు చుట్ట పట్టుకుని గుమ్మంలో ఆగాడు.

"బొంత కొన్నవాళ్ళు ఒక్కరున్నారా చిన్నీ?"

"కొంటారు. ఎంతసేపు చూస్తున్నారో నువ్వే చూడు! వచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తున్నారు. ఇంకే పేజీకైనా ఇంత గిరాకీ ఉందా?"

"ఎండకి కొట్టు నీడలో నిలబడ్డవాణ్ణి కూడా గిరాకీ అంటామా? బుట్టలో వేసుకున్నది ఎందరు, డబ్బు కట్టింది ఎందరు, కొన్నవాళ్ళలో మళ్ళీ కొన్నది ఎవరు, చూడాల్సినవి అవి. ఆ పేజీ తీసెయ్. ఈ రోజే తీసెయ్." ఆ చివరి మాట ల్యాప్‌టాప్ వైపు చూడకుండా అన్నాడు.

"అక్క పోయి ఏడాది తిరగలేదు. అప్పుడే తుడిచేద్దామంటావా? నీకు మనసెలా వచ్చింది బావా?"

పక్క గదిలో కుట్టుమిషను ఆగింది. అమ్మ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసుకుంటూ వచ్చింది. "ఏంటే ఆ అరుపులు? అల్లుడితో మాట్లాడే పద్ధతేనా?"

"లెక్కతోనే మాట్లాడతాలే. మనం ఇంట్లోంచి చూసినవన్నీ తీసేసి, బయటివాళ్ళవే చూపిస్తా. అప్పుడేమంటాడో చూద్దాం."

దుకాణం పెట్టిన రోజే చేయాల్సిన పని అది. ఇంట్లో ఆ పేజీ చూసేదెవరులే అని ఆమె వదిలేసింది.

"వద్దు చిన్నీ" అన్నాడు బావ.

"ఇప్పుడెందుకే అవన్నీ" అంది అమ్మ కూడా, అదే క్షణంలో.

అప్పటికే ఆమె నొక్కేసింది. గ్రాఫులో గలీబుల గీత కాస్త తగ్గి నిలబడింది. బొంత గీత మాత్రం పూర్తిగా అడుక్కి పడిపోయింది. బయటినుంచి ఒక్క మనిషి లేడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆమె పని.

"ఎవరు?" అంది.

బావ తల వంచుకున్నాడు. "నేనే. తన గొంతు వినలేను. అందుకే సౌండు తీసేసి చూస్తాను. చివర్లో కళ్ళనిండా నీళ్ళు తిరిగి, బొంతలో మొహం దాచుకుంటుంది. ఏడుస్తోంది చిన్నీ. ఏం కష్టమొచ్చిందని ఆ రోజు నేనడగలేదు. పేజీ ఉన్నంతకాలం నేను చూడ్డం మానలేను. అందుకే తీసెయ్యమన్నా."

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేను వింటాను బాబూ. దాని మొహం చూడలేక ఫోను బోర్లా పెట్టుకుని, కుట్టుకుంటూ వింటాను. 'చాలు, ఇక నా వల్ల కాదు' అంటుంది, ఊపిరాడనట్టు. నాకు చేతకావట్లేదని పిల్ల చెబుతూనే ఉంది. ఇంకో నాలుగు కుట్టవే అని నేనే పీకల మీద కూర్చున్నాను. నా బిడ్డని నేనే చంపుకున్నాను."

చిన్నమ్మాయికి ఏడుపు పొంగుకొచ్చింది. వీడియో పెట్టి, సౌండు పెంచింది. ముగ్గురూ చూశారు. అక్క బొంత మడిచింది, దులిపింది, మళ్ళీ మడిచింది. ఉన్నట్టుండి చూపు కెమెరా దాటి ఎటో పోయింది. పెదాలు బిగబట్టింది. కళ్ళలో నీళ్ళు నిండాయి. "చాలు... ఇక నా వల్ల కాదు..." అంటూ బొంతలో మొహం దాచుకుంది.

"అమ్మా, అది ఏడుపు కాదే!" చిన్నమ్మాయి కేక పెట్టినట్టే అంది. "ఎదురుగా తలుపు దగ్గర నేనున్నాను. చప్పుడు చెయ్యకుండా అక్కని వెక్కిరిస్తున్నాను. నవ్వాపుకోలేక చచ్చింది. నేనొక్కసారి ఈ వీడియో చూసుంటే మీకు చెప్పేదాన్ని కదా. అంకెలు పట్టుకు కూర్చున్నాను, పక్కనున్న మిమ్మల్ని చూడలేదు."

చిన్నమ్మాయి ల్యాప్‌టాప్ మూసింది.

"పేజీ దుకాణంలోంచి తీసేస్తాను బావా. వీడియో మన దగ్గరే ఉంటుంది. ఇకనుంచి కొన్నవాళ్ళనే లెక్కపెడదాం" అంది చివరికి.

అమ్మ కళ్ళు తుడుచుకుంది. "అది సరే. ఎలా వెక్కిరించావో ఏదీ, చేసి చూపించు."

ఏడుస్తూనే చిన్నమ్మాయి తలుపు దగ్గరికెళ్ళి నిలబడింది. బుగ్గలు పూరించి, కళ్ళు రెండూ ముక్కు మీదికి తెచ్చి, లేని బొంతను పెద్ద ఆరిందాలా మడత పెట్టింది. బావ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అతని భుజాలు అదురుతున్నాయి.

అమ్మ ఊరుకోలేదు. దగ్గరికి వెళ్ళి, ఆ చేతులు పక్కకు తీసి చూసింది.

నవ్వుతున్నాడు.